పలకరించని వాళ్ళు

లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌కి కాలు విరిగింది. నడుముకి బెల్టు కట్టుకోకుండా పైకెక్కాడు, జారాడు. అందులో దెయ్యమూ లేదు, భూతమూ లేదు. ఇంటికి తీసుకొచ్చాక భార్య, "బెల్టు పెట్టుకోండని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానుగా" అంది. "నీ నోటి వల్లే పడ్డాను" అన్నాడు ఇతను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ రోజు నుంచి ఆవిడ నోరు విప్పలేదు. వేళకి కంచం తెచ్చి పెడుతుంది, మాత్రలు పెడుతుంది, వెళ్ళిపోతుంది.

ఇతనికీ పంతమే. ముందు తనెందుకు దిగిరావాలి? ఇంకేముంది, ఒకే కప్పు కింద ఇద్దరు మూగవాళ్ళు తయారయ్యారు.

ఇల్లంటే ఎంతని! మూడో అంతస్తులో రెండు గదులు, మధ్యలో ఒక తలుపు. ముందు గదిలో ఆవిడ మిషను మీద కర్టెన్లు కుడుతుంది. వెనక గదిలో ఇతను మంచానికి అతుక్కుపోయి ఉంటాడు. ఆ మిషను టకటక వినపడినంతసేపూ లోపల ధైర్యంగా ఉండేది. పైకి మాత్రం చచ్చినా ఒప్పుకునేవాడు కాదు.

పొద్దు పోవట్లేదని గోల పెడితే, కంప్యూటర్ల షాపులో పనిచేసే బావమరిది తన పాత ల్యాప్‌టాప్ తెచ్చి అందులో ఒక ఆట పెట్టిచ్చాడు. కోట, అడవి, జనంతో కిటకిటలాడే ఊరు, కత్తి పట్టిన వీరుడు. ఆ వీరుడు మనమే. ఎటైనా పోవచ్చు, ఎవరినైనా పలకరించవచ్చు. ఆటలో లేని హంగుల్ని బయటివాళ్ళు తయారుచేసి పంచిపెడతారు. వాటిని మోడ్స్ అంటారు.

"బావా, చెవులు రిక్కించి విను" అన్నాడు బావమరిది. "మోడ్ పెట్టేముందు నీ ఆటని కాపీ తీసి వేరేచోట దాచు. దాని గురించి రాసింది చివరిదాకా చదువు. ఒక్కొక్కటే పెట్టు, పెట్టాక ఆడి చూడు. పెట్టినదాన్ని ఆట మధ్యలో పీకెయ్యకు, అది ముట్టుకున్నవన్నీ చెడతాయి."

"వైర్ల మధ్యే పెరిగానురా, నాకు చెప్తావేంటి!" అన్నాడు ఇతను.

చెప్పొద్దూ, మొదట్లో బుద్ధిగానే చేశాడు. వాన కురిపించే మోడ్ ఒకటి, గుర్రం అలిసిపోకుండా ఉండేది ఒకటి. ప్రతిసారీ కాపీ తీశాడు, చదివాడు, ఆడి చూశాడు. అన్నీ చక్కగా నడిచాయి. అలా నడిచేసరికి నిర్లక్ష్యం వచ్చింది. బెల్టు దగ్గర వచ్చిందీ అదే.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. ఆటలోని ఊళ్ళో సంత దగ్గరికి రాగానే ఆట నత్తనడక నడుస్తోంది. అంత జనాన్ని ఆ పాత ల్యాప్‌టాప్ మోయలేకపోతోంది. వెతికితే "పలచన" అనే మోడ్ దొరికింది. మీరు పలకరించని మనుషుల్ని తీసేస్తుంది, ఆట తేలికవుతుంది అని పైన రాసుంది. కింద ఇంకా చాలా ఉంది. ఎవడు చదువుతాడులే అనుకున్నాడు. కాపీ కూడా తియ్యలేదు.

నిజంగానే ఆట వెన్నలా నడిచింది. సంతలో నలుగురో అయిదుగురో మిగిలారు. మిగతావాళ్ళ ఇళ్ళు ఉన్నాయి గానీ గుమ్మాలు లేవు. గుమ్మం ఉండాల్సినచోట నున్నగా గోడ. "భలే శుభ్రంగా చేశాడే" అని మెచ్చుకున్నాడు కూడా.

కాసేపటికి దాహం వేసింది. పిలవడానికి పంతం అడ్డొచ్చి, చేతికర్రతో నేలమీద ఠకఠకా కొట్టాడు. ఎవరూ రాలేదు. అప్పుడు గమనించాడు... మిషను చప్పుడు లేదు. వాన చప్పుడూ లేదు.

గదిలో తడిసున్నం వాసన వేస్తోంది.

కిటికీ వైపు తిరిగాడు. కిటికీ లేదు. పొద్దున్న వెలుగు పడిన చోట గోడ ఉంది, ఇంకా ఆరని గోడ. గదిలో ఉన్న వెలుతురంతా ల్యాప్‌టాప్‌దే. కర్ర పట్టుకుని, ఒంటికాలి మీద ఎగురుకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళాడు. గడియ లేదు. చెయ్యి పెట్టి తడిమాడు. చెక్క చల్లగా, మెత్తగా తగిలింది. వేళ్ళకి సున్నం అంటింది, తలుపు కూడా గోడైపోయింది...

లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళకి బయటి నుంచి ధైర్యం చెప్పడం ఇతని ఉద్యోగంలో భాగం. కంగారు పడకండి, గాలి ఆడుతుంది, నేనున్నాను అనేవాడు. ఇప్పుడా మాటలు తనకి తనే చెప్పుకుంటే ఒక్కటీ పనిచెయ్యలేదు. బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఒరేయ్... గదికి తలుపు లేదురా."

"ఏంటి బావా, గుసగుసలాడతావ్? ఏ మోడ్ పెట్టావ్?"

చెప్పాడు. అవతల కీబోర్డు నొక్కుతున్న చప్పుడు.

"కాపీ తీశావా?"

"లేదురా."

"కింద రాసింది చదివావా బావా?... 'ఆడేవారికి కూడా వర్తిస్తుంది' అని ఉంది." బావమరిది గొంతు తగ్గింది. "నువ్వూ అక్కా ఇంకా మాట్లాడుకోవట్లేదా?"

ఇతను సున్నం అంటిన వేళ్ళు లుంగీకి తుడుచుకున్నాడు.

"దాన్ని పీకెయ్యకు, నీకు దణ్ణం పెడతా. అక్కకి ఫోన్ చేస్తాను. తను ఒక్కసారి పలకరిస్తే చాలేమో. అక్కడే ఉండు."

ఎక్కడికి పోతాడు? గోడకి చెవి ఆనించాడు. అవతల ఆవిడ ఫోన్ మోగింది. హమ్మయ్య, ఉంది! ఇతనికి కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి.

"చెప్పరా" అంది ఆవిడ. ఎన్నాళ్ళకి విన్నాడో ఆ గొంతు! "ఎవరిని పలకరించాలి?... వెనక గదేంట్రా? నాదొక్క గదే కదా... బావా? ఏ బావ? పట్టపగలే తాగావా ఏంటి, నాకు పెళ్ళెప్పుడయిందిరా?"

"ఏమేవ్!" అని అరిచాడు. రెండు చేతులతో గోడని బాదాడు. "నేనే! తప్పంతా నాదే, నీ మాట వినలేదు, పాపిష్టి నోరు జారాను. ఒక్కసారి పలుకు. తిట్టు, పోనీ తిట్టవే!"

అవతల ఆవిడ ఆగింది. అడుగులు గోడ దగ్గరికి వచ్చాయి. ఊపిరి కూడా వినపడేంత దగ్గరికి.

"ఏం లేదురా" అంది ఫోన్లో. "పక్కింటివాళ్ళు మేకులు కొడుతున్నట్టున్నారు."

మిషను టకటక మొదలైంది. ఒక్కో కుట్టుకీ కొంచెం దూరమవుతున్నట్టు వినపడింది. మళ్ళీ బావమరిదికి ఫోన్ చేశాడు.

"హలో, ఎవరండీ?"

"నేనురా... బావని."

"రాంగ్ నంబరండీ" అని పెట్టేశాడు.

ఫోనూ, ల్యాప్‌టాప్ తెరా మసకబారి ఆరిపోయాయి. కటిక చీకటి. తడుముకుంటూ మంచం దగ్గరికి చేరి కూలబడ్డాడు. ఏడుపు ఆగలేదు. ఒక్క మాట, ఎవరైనా ఒక్క మాట మాట్లాడితే చాలు అనిపించింది.

"ఏం బాబూ, నొప్పిగా ఉందా?"

చెవి పక్కనే. ఆడగొంతో మగగొంతో తెలియదు. ఎప్పుడూ విన్నది కాదు. బదులివ్వకూడదని తెలుస్తూనే ఉంది... కానీ పలకరించారు. ఇన్నాళ్ళకి ఎవరో పలకరించారు.

"నొప్పే" అన్నాడు.

"కాస్త అటు జరుగు" అంది ఆ గొంతు ప్రేమగా. "ఎవరూ పలకరించనివాళ్ళం చాలామందిమి ఉన్నాం."

మంచం ఒక పక్కకి కుంగింది. తర్వాత రెండో పక్కకి.