బోర్లించరాని కుండ

ముత్యాలరేవు రాజ్యానికి మూడేళ్లుగా ఒకటే దిగులు. ఆ రాజ్యం బతుకంతా లవంగ ద్వీపంతో చేసే వ్యాపారం మీదే నడిచేది. వెళ్లిన ఓడలు సరుకుతో నిండుగానే తిరిగి వచ్చేవి గాని, వెళ్లిన మనుషులు మాత్రం వణుకుతూ వచ్చేవారు. ఒళ్లు పెనంలా కాలిపోయేది, పళ్లు టకటకా కొట్టుకునేవి. ద్వీపంలో ఝుంకారి అనే రాక్షసి ఉందనీ, ఈ చలిజ్వరం దాని శాపమేననీ అందరూ నమ్మారు.

రాజు రత్నాకరుడు చెడ్డవాడు కాదు, పిరికివాడు. పిరికి రాజు చేసే పనులు ఒక్కోసారి చెడ్డ రాజు చేసేవాటికన్నా ఘోరంగా ఉంటాయి. జ్వరంతో వచ్చిన ఓడను రేవులోకి రానివ్వకూడదనీ, పదిహేను రోజుల్లో జ్వరం తగ్గకపోతే నడిసముద్రంలోకి తోలెయ్యాలనీ చాటింపు వేయించాడు. శాపం తీర్చినవారికి కోరిందల్లా ఇస్తానని చివర్లో ఒక మాట కలిపాడు.

అలా రేవు అవతల లంగరు వేసిన ఓడలో దాన్ని నడిపే సరంగు పోలయ్య జ్వరంతో పడి ఉన్నాడు. అతని చెల్లెలు నూకాలు వలలు అల్లే పిల్ల. తల్లీ తండ్రీ లేని ఆమెకు ఈ లోకంలో అన్న ఒక్కడే దిక్కు. చాటింపు విని పేటలో అందరూ ఏడుస్తుంటే, నూకాలు చిన్న పడవలోకి మంచినీళ్ల కడవ, వేపాకు మూట, తాను అల్లిన సన్నకన్నుల వల ఎక్కించింది. ఆడపిల్ల ఒంటరిగా సముద్రం మీదికి పోతే ఊరికి అరిష్టమని కులపెద్ద అడ్డుపడ్డాడు.

"మగోళ్లు ఎల్తే ఏ సుభం జరిగింది, పెద్దయ్యా?" అని ఆమె పడవ నెట్టేసింది.

మూడోనాడు ఒక ముసలి తాబేలు పాత తాళ్లలో చిక్కుకుని కనిపించింది. నూకాలు కత్తి తీసి తాళ్లన్నీ కోసింది. మేలు మరవని ఆ తాబేలు నోరు విప్పింది. ద్వీపం ఒడ్డున ఎర్రబెరడు చెట్టు ఉందనీ, ఆ బెరడుతో కాచిన చేదు కషాయం చలిజ్వరాన్ని దించుతుందనీ చెప్పి, పడవ పక్కనే ఈదుతూ దారి చూపింది.

"ఝుంకారికి సొంత బలం లేదు తల్లీ. మనుషులు పోసిపెట్టిందే దాని బలం. దాని పిల్లలు ఎక్కడ పెరుగుతున్నాయో పగటిపూట చూడు" అని చెప్పి మునిగిపోయింది.

నాలుగోనాటి సాయంత్రం నూకాలు ద్వీపంలో దిగింది. పొద్దు వాలుతుండగానే గాలి రొద పెట్టడం మొదలైంది. ఆమె తెడ్లు ఇసుకలో పాతి, వాటి మీద వల పరిచి, అంచులు ఇసుకలో పూడ్చి, బయట వేపాకు పొగబెట్టి లోపల కూర్చుంది. లక్ష దోమలు వలను ముసిరాయి. ఒక్కటీ లోపలికి దూరలేకపోయింది. అప్పుడు సన్నకాళ్లు, ఎర్రటి పొట్ట, తాటిచెట్టంత ఎత్తుతో ఝుంకారి వచ్చింది. గొంతు మాత్రం తేనెలా ఉంది. మీవాళ్లందరూ నాకు కుండ పెట్టి మొక్కారు, నువ్వూ ఒక కుండ నీళ్లు నింపిపెట్టు, మీ అన్నను వదిలేస్తానంది. రక్తం తాగేదానికి కుండెడు నీళ్లెందుకని నూకాలుకు అనుమానం వచ్చింది.

తెల్లవారాక తాబేలు మాట గుర్తొచ్చి, మొక్కులు పెట్టే పెద్ద లవంగచెట్టును వెతికి దాని కిందికి వెళ్లి చూసింది. అక్కడ వందల కుండలు ఉన్నాయి. ద్వీపంలో దిగిన ప్రతివాడూ క్షేమంగా ఇల్లు చేరాలని బావినీళ్లతో ఒక కుండ నింపి అక్కడ పెట్టి మొక్కేవాడు. కుండ బోర్లపడితే ఆ మనిషి ఎక్కిన పడవ కూడా బోర్లపడుతుందని వాళ్ల నమ్మకం. అందుకే ఏళ్ల తరబడి ఒక్క కుండనూ ఎవరూ కదిలించలేదు. ప్రతి కుండలోనూ సన్నటి పురుగులు తోకలాడిస్తున్నాయి. ఆమె చూస్తుండగానే ఒకటి పొర చీల్చుకుని దోమై ఎగిరింది.

సున్నంతో చేపబొమ్మ గీసిన కుండ దగ్గర ఆమె ఆగిపోయింది. ఆ చేప పోలయ్య గుర్తు, ఆ కుండ అతనిదే. ఆకుల నీడలోంచి ఝుంకారి నవ్వి, దాన్ని ముట్టుకుంటే మీ అన్న ఓడ ఈ క్షణమే తిరగబడుతుందంది. ఆ మాట నిజమైతే అన్నను చేతులారా చంపుకున్నట్టే. ఊరుకుంటే రాజు చంపుతాడు.

"మా అన్న ఓడ తెడ్డు మీదా గాలి మీదా నడుస్తాది, నీ పురుగుల కుండ మీద కాదు. ఇది పెట్టింది మా అన్న, బోర్లిస్తన్నది నాను. నువ్వేటి సేస్తావో సేసుకో" అని కుండను తన్నింది.

పురుగులు ఎండ ఇసుకలో కొట్టుకుని ఎండిపోయాయి. ఝుంకారి జానెడు కుంగింది. మధ్యాహ్నం దాకా నూకాలు కుండలు బోర్లిస్తూనే ఉంది, రాక్షసి కుంగుతూనే ఉంది. ఆఖరికి గోరంత దోమై, బుద్ధి మారక ఆమె చేతి మీదే వాలింది. ఒక్క చరుపుతో దాని పని అయిపోయింది.

బెరడు కట్టుకుని తిరిగి వస్తున్నంతసేపూ నూకాలు కళ్లు నీటి అంచు మీదే ఉన్నాయి. పదోనాడు ఓడ తెరచాప కొయ్య నిటారుగా కనిపించింది. చూసేవాళ్లెవరూ లేరు గనక వెక్కివెక్కి ఏడ్చింది. ఓడ ఎక్కి కషాయం కాచి తాగించి, రోగులందరి మీదా వల కప్పింది. రెండోనాటికి పోలయ్య కళ్లు తెరిచి, నా కుండ బాగుందా అని అడిగాడు.

"బోర్లించేసినానన్నా."

పోలయ్య ఓడ అంచు గట్టిగా పట్టుకున్నాడు. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. ఓడ కొంచెం కూడా ఒరగలేదు.

గడువు తీరేలోగా అందరూ తమ కాళ్ల మీద రేవులోకి దిగారు. రాజు సంబరపడి యువరాజునిచ్చి పెళ్లి చేస్తానన్నాడు. నూకాలు దండం పెట్టి, పెళ్లి వద్దు, రేవు పెత్తనం ఇప్పించమని అడిగింది. మాట ఇచ్చినవాడు గనక రాజు తలూపక తప్పలేదు. ఇకమీదట వల లేని మనిషి ద్వీపానికి ఓడ ఎక్కకూడదనీ, వారం వారం ఊళ్లో నిలవనీళ్లన్నీ పారబొయ్యాలనీ ఆమె మొదటి ఆజ్ఞ ఇచ్చింది. ఇచ్చి, నేరుగా రేవులోని జెండా కొయ్య కిందికి నడిచింది, రాజూ మంత్రీ వెంట వచ్చారు. అక్కడ రాజ్యం క్షేమం కోసం తాతల నాడు నింపిన బంగారు కుండ ఉంది. అది బోర్లిస్తే రాజ్యం బోర్లపడుతుందని మంత్రి కేక పెట్టాడు. ఆమె బోర్లించింది. పురుగులు పాదాల మీద పడేసరికి రాజు రెండు కాళ్లూ ఎత్తి గెంతాడు.

రాజ్యం ఉన్నచోటే ఉంది. ఏళ్ల తరబడి రేవును నూకాలే ఏలింది, పోలయ్య పది వర్షాకాలాలు ఓడ బోర్లపడకుండా నడిపాడు.

కథ రేవు చేరింది, ఇక మనం ఇల్లు చేరాలి. మీ పెరట్లో ఎవరూ కదిలించని కుండ ఒకటి ఉండే ఉంటుంది. ఎవరు వద్దన్నా సరే, వెళ్లి బోర్లించండి.