బాతు కొక్కెం

మిల్ వీధి పిల్లల కేంద్రాన్ని మూయించింది సెత్ అక్రాయిడ్ కూతురు. అక్కడి గోడ మీదున్న, బాతు బొమ్మ చెక్కిన కోటు కొక్కేన్ని ఎత్తుకుపోయింది ఊరి కౌన్సిల్ మనుషులు. ఆ కేంద్రం పోయిన దిగులుతోనే ఏడాది తిరక్కుండా చనిపోయింది అతని భార్య. ఈ మూడింటిలో ఏదీ వాదనకు వచ్చే విషయం కాదు. స్కెల్‌బ్రో ఊరంతటికీ సెత్ ఈ మాట చెప్పాడు. తొమ్మిదేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు.

శనివారం పొద్దున హేజెల్ వచ్చింది. ప్రతి శనివారం వస్తుంది. అతను కూర్చోమనడు, పొమ్మనడు. ఆమె తడి కోటు విప్పి తలుపు వెనక తగిలించి, తెచ్చిన రొట్టె, పాలు, మాత్రలు అల్మరాలో సర్దింది.

"గుడ్డు ఉడకబెట్టనా నాన్నా?"

"నాకు చేతులున్నాయి."

"ఉన్నాయి. స్టవ్వూ ఉంది. పొద్దున్నుంచి రెండూ కలుసుకున్నట్టు లేదు."

గుడ్డు ఉడికాక తిన్నాడు. అతను తింటుంటే ఆమె నిలబడి కిటికీలోంచి పెరట్లోని షెడ్డు వైపు చూస్తూ ఉంది. చివరికి అటే చూస్తూ అంది.

"మిల్ వీధి కేంద్రం మళ్ళీ తెరుస్తున్నారు."

సెత్ చెంచా కింద పెట్టాడు. "ఎవరు?"

"మేమే. కౌన్సిల్. లండన్ నుంచి డబ్బు వచ్చింది. ఈసారి కుటుంబ కేంద్రం అంటారట."

"పాత సీసాకి కొత్త చీటీ అంటించినట్టుంది. ఆ రోజు లేదన్న డబ్బు ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడింది?"

"అప్పటి ప్రభుత్వం వేరు నాన్నా."

"పిల్లలూ వేరేనా? ఆ రోజు మూడేళ్ళవాళ్ళకి ఇప్పుడు గొంతు మారుతోంది. వాళ్ళని మళ్ళీ మూడేళ్ళవాళ్ళని చేసి పంపిస్తుందా మీ లండన్?"

హేజెల్ కౌన్సిల్‌లో పిల్లల విభాగంలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తోంది. పోయిన ఏళ్ళు తిరిగి రావని అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.

ఆ కేంద్రాన్ని నడిపింది మ్యూరియల్, సెత్ భార్య. తల్లులు చంటిపిల్లలతో వచ్చేవారు. పిల్లలు ఇసుకలో ఆడుకుంటుంటే పక్క గదిలో తల్లులు కంప్యూటరు నేర్చుకునేవారు, లెక్కలు నేర్చుకునేవారు. తన బిడ్డతోపాటు అక్షరాలు దిద్దుకుని, తరవాత మందుల దుకాణంలో ఉద్యోగం తెచ్చుకున్న పిల్ల కూడా ఉంది. సెత్ వడ్రంగి. కోట్లు తగిలించుకోవడానికి పిల్లల ఎత్తుకు సరిపడా ఒక పొడుగాటి పలక చేసి, దానికి వరసగా కర్ర కొక్కేలు బిగించాడు. ఒక్కో కొక్కెం మీదే ఒక్కో బొమ్మ చెక్కాడు. ముళ్ళపంది, పడవ, టీ కెటిలు, బాతు. పేరు చదవడం రాని పిల్లకి తన బొమ్మ తెలిస్తే చాలు.

మూసేస్తున్నారని పేపర్లో పడగానే అతను అట్టమీద మూయొద్దని రాసుకుని వానలో గేటు ముందు నిలబడ్డాడు. వారాల తరబడి నిలబడ్డాడు. మ్యూరియల్ పక్కనే టీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడింది. అందరూ అరిచారు. ఆమె అరవలేదు. గొంతు బాగాలేదేమో అనుకున్నాడు. ఆఖరి రోజు లోపలికి పోయి పలకను గోడనుంచి ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటికే బాతు కొక్కెం లేదు. ఆ చోట రెండు స్క్రూ బెజ్జాలు మాత్రం ఉన్నాయి. కౌన్సిల్‌కి దొంగతనమని ఫిర్యాదు చేశాడు. ఎవరూ పలకలేదు.

"ఆ కొక్కేల పలక ఇవ్వు నాన్నా," అంది హేజెల్. "ఉన్నచోటే పెడదాం. పిల్లల గదికి అమ్మ పేరు పెడుతున్నారు."

"చంపినవాళ్ళే సమాధి మీద పేరు చెక్కిస్తారా?"

"ఎవరు చంపారు?"

"ఊళ్ళో ఉన్న రెండు కేంద్రాల్లో ఒకటి ముయ్యాలి, ఏది ముయ్యాలో రాసివ్వమంటే రాసిచ్చింది ఎవరు? కొండ పైనున్న హైరిగ్ కాలనీది ఉంచి, మీ అమ్మది కొట్టేసింది ఎవరి చెయ్యి? ఇంకెవరు చంపారో చర్చి ఫాదర్ని పిలిచి అడుగుదామా?"

"అమ్మకి గుండె జబ్బు."

"గుండెకి ఆ జబ్బు పెట్టింది నువ్వు."

హేజెల్ ఇటు తిరిగింది. ఇన్నేళ్ళలో ఈ మాట అతను ఊరందరితో అన్నాడు. ఆమె మొహం మీద అనడం ఇదే మొదలు.

"రాసింది నా చెయ్యే," అంది. "చెప్పింది అమ్మ."

"ఏమన్నావ్?"

"ఇదే వంటగదిలో. నువ్వు షెడ్డులో రంపంతో కోస్తున్నావు. నాకు చేతకావట్లేదమ్మా, నేను రాయను, ఉద్యోగం మానేస్తాను అన్నాను. నువ్వు మానేస్తే ఇంకెవరో రాస్తారు, వాళ్ళకి రెండూ ఒకటే అంది. మిల్ వీధిలో సగం ఇళ్ళకి కార్లున్నాయి, లైబ్రరీ ఉంది, హైరిగ్‌కి బస్సు కూడా లేదు, మాది ముయ్యి అంది."

"అబద్ధం. చచ్చినదాని మీదికి తోస్తున్నావు."

"మీ నాన్నకి చెప్పకు అంది. నేను ముయ్యమన్నానని తెలిస్తే నన్నెప్పటికీ క్షమించడు. నువ్వు కూతురివి, నిన్ను ఎప్పటికైనా క్షమిస్తాడు అంది." హేజెల్ ఒక అడుగు ముందుకు వేసింది. "ఎప్పుడు నాన్నా? ఆ ఎప్పటికైనా ఎప్పుడొస్తుందో కాస్త చెప్పు. శనివారాలు చూసుకుంటూ ఉంటాను."

"బయటికి నడువు."

ఆమె కోటు తొడుక్కుంది. తలుపు దగ్గర ఆగింది.

"నీ బాతుని ఎవరూ దొంగిలించలేదు. హైరిగ్ పోయి చూసుకో."

హైరిగ్ వైపు అడుగు పెట్టనని సెత్ తొమ్మిదేళ్ళ కిందట ఒట్టు పెట్టుకున్నాడు. సోమవారం ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాడు. కూతురు అబద్ధం చెప్పిందని రుజువు చేయడానికే బయల్దేరాడు, ఇంకెందుకూ కాదు. బస్టాపులో నిలబడ్డాడు. స్తంభానికి బస్సు నంబరు రేకు కూడా లేదు. ఎదురింటామె కిటికీ తెరిచి, "దేనికోసం నిలబడ్డావయ్యా? అది ఆగిపోయి యుగాలైంది," అని నవ్వింది.

నడిచాడు. కొండ నిలువుగా ఉంది. సగం దూరంలో గోడ పట్టుకుని ఆగాల్సి వచ్చింది. ఒక పిల్ల, ఇరవై ఏళ్ళుంటాయో లేవో, చంటివాణ్ణి తోపుడుబండిలో వేసుకుని, ఇంకో పిల్లని చంకనేసుకుని, సరుకుల సంచి బండికి తగిలించుకుని అతన్ని దాటి పైకి పోయింది. "బాగానే ఉన్నారా?" అని ఆ పిల్లే అడిగింది. ఒట్టి చేతులతో ఎక్కుతున్నవాడు సిగ్గుపడి తల ఊపాడు.

హైరిగ్ కేంద్రం తలుపు తీసింది మొదట్నుంచీ అక్కడ పనిచేస్తున్న నస్రీన్. తలమీద నీలం ముసుగు, మెడలో తాళంచెవులు.

"ఎవరి తాతగారండీ మీరు?"

"ఎవరి తాతనూ కాను."

"అయితే లోపలికి రానివ్వకూడదు. ఏమనుకోకండి, రూలు."

"నాకు పిల్లలతో పనిలేదు. గోడ చూసి పోతాను."

"గోడకి రూలు లేదండీ. కానీ అది లోపలుందే, ఏం చెయ్యను?" నవ్వింది. "మీ పేరేమిటి?"

"అక్రాయిడ్."

ఆమె నవ్వు ఆగింది. "మ్యూరియల్ గారి..." అని, మాట పూర్తి చేయకుండా అతిథి బిళ్ళ తెచ్చి అతని కోటుకు గుచ్చి, తనే వెంట నడిచింది.

గోడకు ఆ చివరినుంచి ఈ చివరిదాకా ప్లాస్టిక్ కొక్కేలు. మధ్యలో ఒక్కటే కర్రది. దానిమీద బాతు. ముక్కు దగ్గర అతని ఉలి కాస్త జారింది, ఆ గీత అలాగే ఉంది. కింద ఎర్ర వానకోటు వేలాడుతోంది.

"ఇది ఇక్కడికెలా వచ్చింది?"

"ఆవిడే తెచ్చారండీ. స్క్రూడ్రైవరు సంచిలో పెట్టుకొచ్చి, నన్ను ముట్టుకోనివ్వకుండా ఆవిడే బిగించారు. మా పిల్లలెవరైనా ఇంతదూరం వస్తే వాళ్ళెరిగిన బొమ్మ ఒకటుండాలి అన్నారు. నాకప్పుడు అర్థంకాలేదు. మిల్ వీధి మూస్తున్నారని అప్పటికింకా పేపర్లో కూడా రాలేదు."

అతను వంగి చూశాడు. పై స్క్రూ వంకరగా దిగి ఉంది. మ్యూరియల్ ఏది బిగించినా అలాగే దిగేది. దాని మీద అతను నలభై ఏళ్ళు వేళాకోళం చేశాడు.

నాలుగేళ్ళ పిల్ల ఒకతె పరుగెత్తుకొచ్చి వానకోటును రెండు చేతులతో పట్టుకుంది. "అది నా బాతు," అంది గట్టిగా.

"నీదే," అన్నాడు సెత్.

తిరిగి కొండ దిగుతూ లెక్క వేసుకున్నాడు. పేపర్లో పడకముందే ఆమెకు తెలుసు. అన్ని వారాలు వానలో పక్కన నిలబడి, తడిసిన చేతులతో టీ పోసిచ్చింది. అతను కూతుర్ని తిట్టిన ప్రతి తిట్టూ విన్నది. విని ఊరుకుంది.

శనివారం హేజెల్ వస్తుందో రాదో అనుకున్నాడు. వచ్చింది. బల్లమీద పలక ఉంది, దుమ్ము తుడిచి, నూనె పట్టించి. పక్కన ఉడికిన గుడ్లు. ఇద్దరికి సరిపడా ఉన్నాయి.

"కూర్చో," అన్నాడు.

ఆమె కాసేపు కుర్చీ వెనక పట్టుకుని నిలబడి, తరవాత కూర్చుంది. కళ్ళనుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. గుడ్డు పెంకు తీస్తూ ఉంది.

"వెళ్ళావా?"

"నిలువు కొండ."

"బాతుని వెనక్కి అడగనా? మొత్తం వరస నిండుతుంది."

"దానిమీద ఒక పిల్ల కోటుంది. ఆ ఖాళీ అలాగే ఉండనీ."

పెంకులు ఒక పక్కకి నెట్టి ఆమె అడిగింది. "ఊరందరికీ నా పేరు చెప్పావు కదా నాన్నా. ఇప్పుడేం చెబుతావు?"

"చెప్పాలంటే మీ అమ్మ పేరు చెప్పాలి."

"వద్దు," అందామె. "నాకు మోయడం అలవాటైంది."

సెత్ ఇంకో గుడ్డు ఆమె వైపు జరిపాడు. "మీ అమ్మ లెక్క సగం తప్పింది. నిన్ను క్షమిస్తాననుకుంది, తొమ్మిదేళ్ళు క్షమించలేదు, అది తప్పు. తనని క్షమించనంది, అది ఒప్పు. నా పక్కనే పడుకుని, నా కూతుర్ని నాకు కాకుండా చేసి పోయింది. అది నేను క్షమించను."

"నాన్నా..."

"తిను. చల్లారిపోతోంది."

మిల్ వీధి కేంద్రం తెరిచే రోజు పలకను సెత్ తనే గోడకి బిగించాడు. స్క్రూలన్నీ తిన్నగా దిగాయి. లండన్ నుంచి వచ్చిన పెద్దమనిషి కొత్త ఆరంభం గురించి మాట్లాడాడు. వెనక వరసలో సెత్ పక్కన డిక్ నిలబడ్డాడు. ఆ వానలో అట్ట పట్టుకున్నవాళ్ళలో అతనొకడు. రిబ్బను దగ్గరున్న హేజెల్ వైపు గడ్డంతో చూపించి, సెత్ చెవి దగ్గర అన్నాడు.

"చూశావా? వాళ్ళమ్మని చంపినావిడే రిబ్బను కత్తిరిస్తోంది."

అక్షరం మారలేదు. సెత్ మాటే అది. సారాయి దుకాణంలో, చర్చి మెట్ల మీద, తొమ్మిదేళ్ళు అతనే నేర్పాడు. ఊళ్ళో ఎన్ని నోళ్ళలో ఉందో ఇప్పుడు ఏరి తేలేడు.

"నోరు ముయ్యి డిక్."

"అదేమిట్రా, నువ్వేగా..."

"ముయ్యమన్నానా? ఆ సంగతి నేనింక మాట్లాడను. నీతో కాదు, ఎవరితోనూ కాదు. నా ముందు నువ్వూ ఎత్తకు."

"ఏమైందిరా? అయితే ఎవరు మూయించినట్టు?"

సెత్ స్క్రూడ్రైవరు కోటు జేబులో పెట్టుకున్నాడు. జవాబు చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, ఆ తరవాతా చెప్పలేదు.