మైకు ముందు పైడిరాజు

ఇలా దగ్గరికి జరగండర్రా, గుమ్మంలో నించున్నవాళ్లూ రండి. ఇది తొంభై ఒకటిలో, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్‌లో జరిగింది.

ఆ రోజు డ్రైవరు పైడిరాజు రిటైర్మెంటు, సాయంత్రం హాల్లో వీడ్కోలు మీటింగు. పొద్దున్నే అతని పెళ్లాం అప్పలనర్సమ్మ కొత్తచీర కట్టి టీ పెట్టింది. ఆయనేమో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"లెగండి, తొమ్మిదైంది."

"కడుపునొప్పి. సిక్ రిపోర్టు పంపించేస్తాను. ఆ మీటింగుకి నాను రాను."

"ఏటీ?"

ముప్పైనాలుగేళ్లలో ఒక్కనాడూ సిక్ పెట్టని మనిషి! కడుపునొప్పీ లేదు, గాడిదగుడ్డూ లేదు. దండ వేసే ముందు రిటైరైనవాడు మైకు పట్టుకుని నాలుగు మాటలు చెప్పాలి, అదీ భయం. పక్క కుర్చీలో భార్యను కూర్చోబెట్టి ఆమెకూ దండ వేస్తారు. వేళాపాళా లేని డ్యూటీలకి క్యారేజీ కట్టిన ఆడదానికి రైల్వేలో దక్కే మర్యాద అదొక్కటే.

అప్పుడే దిగాడు ఆమె తమ్ముడు గిరిబాబు. బ్యాంకులో గుమస్తా. వాడికన్నా వాడి సెంటు ముందొస్తుంది.

"మైకు కరుస్తాదేటి బావా? అంత గూడ్సు బండి లాగినోడివి, మూడు ముక్కలు లాగలేవా? ఛీ, మొగోడివేనా?"

"బస్ కరో మామయ్యా, ఇక చాలు!" అంది కూతురు భానుప్రియ.

అప్పలనర్సమ్మ గ్లాసు ఠక్కున పెట్టింది. "ఇన్నేళ్లు నానేటడిగాను మిమ్మల్ని? ఒక్క పూట ఆ కుర్చీలో కూకోబెట్టమన్నాను. అదీ లేదన్నమాట!"

"మైకు చూస్తే నాలిక పిడచకట్టుకుపోద్దే నర్సమ్మా. అందరూ నవ్వుతారు."

"నవ్వరేటి మరి!" అన్నాడు గిరిబాబు. "నీ బదులు నాను మాట్లాడతాను. చూసి నేర్చుకో."

ఆ ఒప్పందం మీద పైడిరాజు చొక్కా తొడుక్కున్నాడు.

సాయంత్రం హాలు నిండింది. నేను మూడో వరసలో ఉన్నాను. గిరిబాబు కాలరు సర్దుకుంటూ మైకు దగ్గరికి వెళ్లాడు. "ఆదరణీయ సభాపతి జీ..." అన్నాడు. అంతే. నోరు తెరుచుకునే ఉంది, మాట లేదు. చేతిలో కాగితం టపటప కొట్టుకుంది. వెనక వరసలో ఒకడు కిసుక్కుమన్నాడు, ఇక హాలంతా ఇకఇకలే.

పైడిరాజు తాపీగా లేచి వెళ్లి బామ్మర్ది భుజం మీద చెయ్యేశాడు. తెలుగూ హిందీ కలిపేసి అన్నాడు:

"నవ్వకండి. నాకూ కాళ్లు వణుకుతున్నాయి. భయం లేనోడు ఎవడైనా ఉంటే వచ్చి రెండు ముక్కలు చెప్పండి. నాను కూకుంటాను."

ఒక్కడూ రాలేదు. రోజూ షెడ్డు గేటు దగ్గర గొంతు చించుకునే యూనియన్ నాయకుడు చెప్పులు చూసుకున్నాడు. వేదిక మీదున్న పెద్ద సారు రాసి తెచ్చుకున్న కాగితం మెల్లిగా జేబులో దోపేశాడు. అందరూ ఆ బాపతే! పక్కవాడి వణుకు చూసి పళ్లికిలించే శూరులు.

"అచ్ఛా, అయితే అందరం ఒకటే," అన్నాడు పైడిరాజు. "నాకింకేటీ రాదు. నాకు తెచ్చిన దండ ముందు మా నర్సమ్మకెయ్యండి. నాను బండి నడిపాను, అది నన్ను నడిపింది."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాపరికమెందుకు.

హాలు వెనక గిరిబాబు పైడిరాజు చెయ్యి వదల్లేదు. "మీటింగుల్లో మాట్లాడాల్సొస్తాదని ప్రమోషనే వద్దన్నాను బావా. ఇంట్లోకూడా చెప్పలేదు. నిన్ను చూసి నవ్వితే నన్నెవరూ చూడరనుకున్నాను, ఆ ఊపులోనే మాట్లాడతానని నోరు జారాను."

"పిచ్చోడా! పద, మీ అక్క పిలుస్తోంది. ఫొటో తీస్తారట."

ఇది గుర్తుపెట్టుకోండర్రా. ఎవడైనా నలుగురిలో మాట తడబడితే పక్కన ఒకడు నవ్వుతాడు చూడండి, వాడికి చెప్పండి ఈ కథ. గిరిబాబు పేరుతో సహా చెప్పండి. వాడేమీ అనుకోడు, ఇప్పుడు వాడే అందరికీ చెప్తున్నాడు.