ఇచ్చోడలో ఆరు గంటల బులెటిన్

"రేపు నువ్వు హెచ్.డి. టీవీ కొనాలె," అన్నాడు లింగమూర్తి.

కరీంనగర్‌లో ట్యుటోరియల్ కాలేజీ బోర్డు వెనక నడిచే నిఘా విభాగానికి అతను చీఫ్. ఎదురుగా ఏజెంట్ హెప్సిబా.

"మార్టిన్ అని విదేశీ ముఠా లీడర్. ఇచ్చోడల టీవీ షోరూం పెట్టిండు, ఊరి కేబుల్ ఛానల్ సుత కొన్నడు. రేపు సాయంత్రం హైవే మీద రాడార్ పార్టులతో ఆర్మీ ట్రక్కులు పోతున్నయ్. వాని కన్ను వాటి మీదనే."

"లోపల మనోళ్లు?"

"నవీన. గా ఛానల్ల వార్తలు చదువుతది. వాళ్ల జీతం తింటది, మనకు కబురిస్తది. ఎవరి మనిషో నాకే సమజైతలే."

మరుసటి సాయంత్రం దుబాయ్ భర్త పంపిన డబ్బుతో వచ్చిన ఇల్లాలి వేషంలో హెప్సిబా షోరూంలో అడుగుపెట్టింది. హ్యాండ్‌బ్యాగ్ క్లిప్పులో కెమెరా. కౌంటర్ దగ్గర మెరుపుల చీరలో నవీన.

"గీ టీవీల నెమలి రంగు సాఫ్ కనిపిస్తదా?"

"వాన పడితేనే కనిపిస్తది." కోడ్ సరిపోయింది. "పెద్ద సెట్ లోపలుంది, రా అక్కా."

లోపలి తలుపు వెనక మార్టిన్ పిస్టల్ గురిపెట్టి నిలబడ్డాడు.

అది రికార్డింగ్ గది. కిటికీ లేదు. గోడలకు మందపాటి ఫోమ్. అరిస్తే గొంతు అక్కడికక్కడే చచ్చిపోతుంది. మార్టిన్ ఆమె బ్యాగూ ఫోనూ లాక్కుని, బల్ల మీది డీవీడీ రికార్డర్‌లోంచి డిస్క్ తీశాడు.

"కౌంటర్ దగ్గర మైకు ఉంది, మీ నెమలి మాటలు విన్నాను. ఆరు గంటలకు నవీన చదివిన ఈ వార్త ప్రసారమవుతుంది. గ్యాస్ ట్యాంకర్ లీకైంది, ఇళ్లు వదిలి హైవే ఎక్కండి అని. జనం రోడ్డు నింపుతారు. ట్రక్కులు ఆగుతాయి." అతని తెలుగు పాఠం అప్పజెప్పినట్టుంది. నవీననూ లోపలికి నెట్టాడు. "నీతో కూడా పని అయిపోయింది."

తాళం పడింది.

"ఊరంత తొక్కుకొని సస్తది," అంది హెప్సిబా. "ఎట్ల చదివినవ్?"

నవీన కళ్లతో సీలింగ్ మైకు చూపించింది. గాలి ఉక్కగా ఉంది. హెప్సిబా తలుపుని భుజంతో గుద్దింది, కదల్లేదు. గోడ మీది టీవీలో ఛానల్ పాటలు వేస్తోంది. ఆరయింది.

తెర నీలంగా మారింది. 'డిస్క్ ఎర్రర్'.

నవీన ఆమె చెవి దగ్గరకు వంగింది. "డిస్క్ ఫైనలైజ్ చెయ్యలే, ఆఖరి లాక్ వెయ్యలే. గప్పటిదాంక గీ రికార్డర్‌ల తప్ప ఇంకెక్కడా నడవది. వాడు ఈడికి రావాల్సిందే."

వచ్చాడు. తలుపు కాలితో మూసి, పిస్టల్ నవీన కణతకు ఆనించాడు. "ఫైనలైజ్ చెయ్."

నవీన బటన్ నొక్కింది. తెర మీద గీత పాకుతోంది. నలభై శాతం. డెబ్భై. హెప్సిబా చూపు నేల మీద వెతికింది. రికార్డర్, టీవీ, లైట్లు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకే ఉన్నాయి. చెప్పు విడిచి కాలి వేళ్లతో తీగ అందుకుంది.

తొంభై ఎనిమిది. లాగేసింది.

కటిక చీకటి. నవీన కిందికి జారింది. పిస్టల్ పేలింది, టీవీ అద్దం భళ్లుమంది. హెప్సిబా కెమెరా స్టాండు ఎత్తి పిస్టల్ మెరిసిన చోట బలంగా కొట్టింది. మనిషి పడిన చప్పుడు.

హెప్సిబా తడుముకుంటూ తీగ మళ్లీ గుచ్చి లైటు వెలిగించేసరికి నవీన పిస్టల్ తీసి ఆమె చేతిలో పెడుతోంది. బయట హైవే మీద ట్రక్కులు ఒకదాని వెనక ఒకటి ఊరు దాటుతున్నాయి. ఫైనలైజ్ పూర్తికాకముందే కరెంటు పోయిన డిస్క్ ఇక ఏ మెషీన్‌లోనూ ఆడదు.

హెప్సిబా కబురు పెడితే ఎస్సై వచ్చి మార్టిన్‌కు బేడీలు వేశాడు. షోరూం షట్టర్ సగం దించి, లోపలి టీవీల్లో క్రికెట్ చూస్తూ ఆగిపోయాడు.

"మేడం, గీ మ్యాచ్ అయినంక సీల్ వేద్దమా? హెచ్.డి.ల బంతి మీది కుట్లు సుత కనబడుతున్నయ్."