వానలో వదిలేసిందెవరు

ఆదివారం పొద్దున సావిత్రి గడప దగ్గర కూర్చుని బీడీలు చుడుతోంది. డిసెంబరు చలికి వేళ్ళు కొంకర్లు పోయి మాటిమాటికీ ఆకు చిరుగుతోంది. కొడుకు ప్రశాంత్ లోపల చాయ్ తాగుతున్నాడు. కూతురు హర్షద పరీక్షకు చదువుకుంటానని చెప్పి, ఇంకా తెల్లవారకముందే స్నేహ వాళ్ళింటికి వెళ్ళింది.

అక్క ఇంటికి పోయి అప్పుడే తిరిగొస్తున్న పక్కింటి శకుంతల వాకిట్లో ఆగింది.

"సావిత్రీ, నీ బిడ్డ సైకిల్ మస్తు తొక్కుతది గదా! ఊరి చివర్ల తుల్జాపూర్ నాకా కాడ చూసిన. నెత్తికి హెల్మెట్ పెట్టుకొని పది మందితోని పోతున్నది."

"నా బిడ్డనా? ఎవలతోని?"

"భవాని పేట్ అభిజిత్ లేడా, ఆ పోరని గుంపుతోని."

సావిత్రి చేతిలోని కత్తెర నేల మీద పడింది.

అభిజిత్ పేరు వింటేనే ఆమెకు ఏడాదిగా ఒళ్ళు మండుతోంది. కిందటి చలికాలం ఇలాంటి ఆదివారమే ప్రశాంత్ ఆ గుంపుతో సైకిల్ మీద తుల్జాపూర్ బయల్దేరాడు. దారిలో వాన పడింది. బండి జారి, రోడ్డు పక్క కాలువలో పడి ఎడమ మోచెయ్యి నుగ్గయింది. గంటసేపు అక్కడే పడి ఉన్నాడు. రెండు ఆపరేషన్లు చేసినా చెయ్యి పూర్తిగా చాపలేడు. తువ్వాళ్ళ కార్ఖానాలో మరమగ్గం సాంచాల మీద పోగు తెగితే కళ్ళు మూసుకుని ముడేసే పిల్లాడు, ఇప్పుడు అదే కార్ఖానాలో తువ్వాళ్ళు మడతపెడుతున్నాడు. పడ్డవాణ్ణి వదిలేసి పోయారని సావిత్రి ఆ గుంపును తిట్టని తిట్టు లేదు. చూడ్డానికొచ్చిన అభిజిత్ తెచ్చిన పండ్లను గల్లీలోకి విసిరికొట్టింది. అతను ఒక్కొక్కటే ఏరుకుని, మారుమాట లేకుండా వెళ్ళిపోయాడు.

ఆమె విసురుగా లోపలికి వచ్చింది. "దానికి సైకిల్ యాడికెల్లి వచ్చిందిరా?"

ప్రశాంత్ గ్లాసు కింద పెట్టాడు. "నాదే. నేనే ఇచ్చిన."

"అమ్మేసిన అన్నవు గదరా!"

"దోస్తు ఇంట్ల పెట్టిన. చెల్లె అడిగింది. రెండు నెలల సంది పోతున్నది."

"సిగ్గు లేదురా నీకు? నీ చెయ్యి తిన్నది సాలలేదా, దాని కాళ్ళు గూడ తింటరా వాళ్ళు? తియ్యి స్కూటీ!"

"అమ్మా, అది వస్తది…"

"తియ్యమంటున్న!"

ఊరు దాటేసరికి పొగమంచు కమ్మింది. ఎదురొచ్చే లారీల లైట్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. కాసేపటికి మంచు విడిపోయి ఎండ పొడ తగిలింది. ఇంతలోనే పడమటి నుంచి నల్లటి మబ్బు ఉరుకుతూ వచ్చింది. గాలికి స్కూటీ ఒక పక్కకు కొట్టుకుపోతుంటే ప్రశాంత్ వంకర చేత్తో హ్యాండిల్ బిగించి పట్టుకున్నాడు. తామల్‌వాడి చేరకముందే వాన కుమ్మేసి, రోడ్డు పక్కన ఎవరున్నదీ కనిపించకుండా పోయింది. సావిత్రి దారి పొడుగునా తిడుతూనే ఉంది. మొదట కూతుర్ని, తర్వాత అభిజిత్‌ను, చివరికి నాలుగేళ్ళ కిందట పోయిన మొగుణ్ణి కూడా.

రోడ్డు పక్కన రేకుల కప్పున్న చాయ్ హోటల్ ముందు సైకిళ్ళు వరసగా ఆనించి ఉన్నాయి. లోపల తొమ్మిది మంది తడిసి ముద్దై వణుకుతూ నిలబడ్డారు. వాళ్ళలో హర్షద లేదు.

"నా బిడ్డ యాడున్నదిరా?" సావిత్రి అభిజిత్ చొక్కా పట్టుకుంది.

"వెనకాల వస్తున్నది కాకూ," అన్నాడతను, మరాఠీలో పిన్నిని పిలిచినట్టు. "మాతోని వచ్చిన ఆరతి మేడమ్ టైరు పంక్చరయింది. వాన ఎక్కువైందని మేడమే మమ్మల్ని ముందు పొమ్మన్నది. ఆమెకు తోడు హర్షద ఆగింది. ఇప్పుడే ఫోన్…"

"ఇడిసిపెట్టి వచ్చిన్రా! దాన్ని గూడ ఇడిసిపెట్టి వచ్చిన్రా! కొడుకును కాలువల పారేసి పోయిన్రు, ఇప్పుడు బిడ్డను పారేసిన్రు! మీరు మనుషులేనారా?"

అభిజిత్ తల దించుకున్నాడు. పక్కనున్నవాడు ఏదో అనబోతే చేత్తో వారించాడు.

"బస్, అమ్మా! ఇగ చాలు!"

ప్రశాంత్ అరుపుకు చాయ్ పోస్తున్న మనిషి కూడా ఆగిపోయాడు.

"వాళ్ళు నన్ను ఇడిసిపెట్టలే. నేనే వాళ్ళను ఇడిసిపెట్టిన. వానలో ముందుకు పోవుడు వద్దు, అందరం మర్లిపోదామని ఈ అభిజిత్ ఎంత మొత్తుకున్నా నేనే ఇనలే. భయమైతే మీరు పోన్రి అని తిట్టి, ఒక్కణ్ణే పోయిన. పడ్డ. నేను ఫోన్ ఎత్తుతలేనని మళ్ళ ఎనకకొచ్చి వెతికింది వీడే. దవాఖానకు మోసుకపోయింది వీడే."

సావిత్రి పట్టు సడలింది. వెంటనే చెయ్యి లేచి ప్రశాంత్ చెంప మీద పడింది.

"ఏడాది సంది నా నోట అబద్ధపు తిట్లు తిట్టించినవారా! గల్లీ అంత వీని పరువు తీస్తుంటే సూసుకుంట కూసున్నవా?"

"నేను చెప్పలే అమ్మా. నువ్వే చెప్పినవు." ప్రశాంత్ చెంప పట్టుకున్నాడు. "దవాఖానల నేను కండ్లు తెరిసేసరికి నువ్వు ఒర్లుతున్నవు. 'వాళ్ళు ఇడిసిపెట్టి పోయిన్రు గదా, చెప్పురా' అన్నవు. నేను తలకాయ ఊపిన. అంతే. లేదంటే ఆ కోపమంత నా మీద పడతదని భయమైంది. వీని చేతులు పట్టుకొని చెప్పొద్దని మొక్కిన."

నిజమే. ఎట్లా పడ్డావు బిడ్డా అని ఆమె ఒక్కనాడూ అడగలేదు. జవాబు కూడా తానే చెప్పేసింది.

వానలోంచి రెండు సైకిళ్ళు వచ్చాయి. ముందు తెల్లజుట్టు ఆరతి మేడమ్, ఆమె వెనకే హర్షద. తల్లిని చూడగానే బ్రేకు పట్టి, వానలోనే నిలబడిపోయింది.

"చెప్పకుండ వచ్చినవెందుకే?" సావిత్రి గొంతులో ఇంకా కోపం ఉంది.

"చెప్తే పోనిస్తుంటివా? చెప్పనిస్తుంటివా అసలు?" హర్షద ఏడుస్తూ అరిచింది. "నువ్వు ఇనవు అమ్మా! నువ్వు ఎప్పుడన్న ఇంటవా? తిడతవు, అంతే!"

సావిత్రి వెళ్ళి కూతుర్ని చెయ్యి పట్టి కప్పు కిందికి లాక్కొచ్చింది. కొంగుతో తల రుద్దబోతే కొంగే నీళ్ళు కారుతోంది. హోటల్ మనిషి పొడి తువ్వాలు అందించాడు. ఆమె దాంతో కూతురి తల గట్టిగా, కోపంగా తుడిచింది. హర్షద అట్లాగే నిలబడింది.

తర్వాత సావిత్రి అభిజిత్ వైపు తిరిగింది. "ఇన్ని తిడుతుంటే ఒక్క మాటన్న అనవైతివి గదా నాయనా."

"వాడు మొక్కిండు కాకూ. మాటిచ్చిన."

"రేపు మా గల్లీకి రా. ఎవలెవల ముంగట నిన్ను తిట్టిన్నో, వాళ్ళందరి ముంగట తప్పయిందని చెప్త." చేతులు జోడించబోయింది. అతను కంగారుగా ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు.

ప్రశాంత్ ఒక మూల బల్ల మీద, వంకర చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చెంప మీద అయిదు వేళ్ళూ తేలి ఉన్నాయి. సావిత్రి అతని పక్కన కూర్చుంది. ఆ చెంప నిమరాలనిపించింది కానీ చెయ్యి రాలేదు.

"ఇప్పుడు చెప్పు బిడ్డా," అంది. "ఆనాడు ఏమైంది? నేను నడుమ మాట్లాడ."

అతను వంకర చెయ్యి వైపు చూస్తూ మొదలుపెట్టాడు. "కాలువల పడ్డంక చెయ్యి ఇరిగిందని ఎరికైంది. దాని నొప్పి కన్నా…" ఆగాడు. "ఇంటికి పోతే నీకేం చెప్పాల్నో, ఆ భయమే ఎక్కువైంది అమ్మా."

సావిత్రి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది. కళ్ళు ధారలు కడుతున్నా ఒక్క మాట మాట్లాడలేదు. కొడుకు చెప్తూ పోయాడు. ఆమె చివరిదాకా విన్నది.