నలభై ఒకటో మార్పు

"ఎవరండీ నా కొంప ముంచింది?"

శనివారం పొద్దున్నే కంటి ఆసుపత్రి కంప్యూటర్ గదిలోకి సుడిగాలిలా వచ్చిపడ్డాడు గడ్డం. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ చూసుకునే అతనికి నర్సులు పెట్టిన ఆ పేరే స్థిరపడిపోయింది.

రెండు నెలల కిందట చేరిన కొత్తమ్మాయి కళ్ళు చికిలించి తెరను చూస్తోంది. "నేనేనండీ. నిన్న సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేశాను."

"వేశారా? తుడిచిపెట్టేశారు! పేషెంట్ల చీటీల మీద పెద్ద అక్షరాలేవి? ఏ కంటికి ఆపరేషనో తెరమీద రెండుసార్లు అడిగే పెట్టె ఏది? బయటివాళ్ళ సాఫ్ట్‌వేర్‌ని మూడేళ్ళు మనకోసం మార్చుకుంటూ వచ్చాను. ఒక్క దెబ్బతో హుష్‌కాకి!"

"ఏమేం మార్చారో ఎక్కడ రాసిపెట్టారు?"

గడ్డం తన తల చూపించాడు. "ఇక్కడ."

"భేష్! ఆ తలకి బ్యాకప్ ఉందా?"

పైకి అలా అందిగానీ ఆమె ఉద్యోగానికే ఎసరొచ్చింది. సోమవారం ఆపరేషన్లు మొదలయ్యేలోపు అన్నీ సరిగ్గా లేకపోతే వేరే ఉద్యోగం చూసుకోమని పెద్ద డాక్టరమ్మ అప్పుడే చెప్పేసింది.

"పోనీ, పాతదే వేసేద్దాం" అన్నాడతను కాస్త మెత్తబడి.

"కుదరదు. తయారుచేసినవాళ్ళు దానికి భద్రతా మరమ్మతులు ఆపేశారు. పేషెంట్ల వివరాలు గాలికి వదిలేస్తామా? కొత్తదీ ఉంటుంది, మీ మార్పులూ ఉంటాయి. ఒక్కటీ వదలను."

అన్నంత పనీ చేసింది. తయారుచేసినవాళ్ళకి ఫోన్ చేసి, ఎవరూ చెయ్యి పెట్టని పాత వెర్షన్ తెప్పించింది. మార్పుల లెక్క రాసిపెట్టే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో అదొక బ్రాంచ్, అంటే ఒక కొమ్మ. కొత్తది వేసేముందు తను తీసి దాచిన ఆసుపత్రి కాపీ ఇంకో బ్రాంచ్. రెండింటికీ ఉన్న తేడాలే గడ్డం చేసిన మార్పులు. మొత్తం నలభై ఒకటి తేలాయి. వాటిని ఒక్కొక్కటే కొత్త వెర్షన్ మీదికి ఎక్కించాలి.

"ఒక షరతు. ప్రతిదానికీ కారణం మీరే రాయాలి. కారణం లేనిది లోపలికి రాదు. వచ్చే వెర్షన్‌కి మీ తలని వెతుక్కుంటూ నేను రాలేను."

ఆదివారం మధ్యాహ్నం బయట వాన దంచుతోంది. లోపల నలభై అయిపోయాయి. చీటీ చదవలేక ఒక అవ్వ గంటసేపు వేరే గది ముందు కూర్చుందట, అందుకే పెద్ద అక్షరాలు. ఇంత మనసున్నవాడు ఒక్క ముక్క రాసిపెట్టుకోడేం అని కొత్తమ్మాయికి ముద్దూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

నలభై ఒకటోది చూసి ఆగిపోయింది. "ఇది నా లాగిన్! నా ఒక్కదానికే అక్షరాలు పెద్దవి చేశారా? అందుకేనా, కొత్తది వేసినప్పటినుంచీ నాకేదీ సరిగ్గా కనపడట్లేదు!"

"అదొక్కటీ వదిలెయ్యండి."

"ఒక్కటీ వదలనన్నాను. కారణం?"

"ఊరికే..."

"ఊరికే అనేది కారణం కాదు."

"మీరు తెరకి ముక్కు ఆనించి చదివేవారు. కంటి ఆసుపత్రిలో ఉంటూ కళ్ళు చూపించుకోని మనిషిని మిమ్మల్నే చూశాను."

"అంటే జాలా?"

"జాలైతే కళ్ళజోళ్ళ కౌంటర్‌కి పంపేవాణ్ణి." గడ్డం కీబోర్డు లాక్కుని టకటకా కొట్టాడు: *కారణం: ఈమె అంటే నాకు చాలా ఇష్టం.*

ఆమె మొహం ఎర్రబడిపోయింది. "ఇది డాక్టరమ్మ చదువుతుంది, తెలుసా?"

"చదవనివ్వండి. కారణం లేనిది రాదన్నారుగా."

ఆమె ముక్కు తెరకి ఆనించి ఇంకోసారి చదివింది. దాని కింద తనూ ఒక వరుస కొట్టి, ఎంటర్ నొక్కింది: *చూశాను. నాకూ ఇష్టమే.*

సోమవారం మొదటి చీటీ పెద్ద అక్షరాలతో వచ్చింది. డాక్టరమ్మ మార్పుల జాబితా చివరిదాకా చదివి, కళ్ళజోడు పైనుంచి ఇద్దర్నీ చూసింది.

"ఉద్యోగం నీదే తల్లీ. ఆ నలభై ఒకటోది మాత్రం ఎన్ని వెర్షన్లు మారినా తుడిచిపెట్టకు. ఇప్పుడు రా, ముందు నీ కళ్ళు చూస్తాను."