ఇంటావిడ టేపు

దాన్ని మినీ కంప్యూటర్ అనేవాళ్లు. పేరుకే మినీ, రెండు బీరువాలంత ఉంటుంది. యాభై ఏళ్ల కిందట ప్రయోగశాలలో మనుషుల గుండె చప్పుడు కొలవడానికి తెచ్చారు. ముందువైపు వరసగా స్విచ్చులు, అరచేతంత గుండ్రటి పచ్చ తెర, పక్కన రెండు టేపు చక్రాలు, కింద ఒక స్పీకరు. ఇప్పుడది భవనం అడుగున, కిటికీలు లేని గదిలో దుమ్ము కొట్టుకుపోయి ఉంది. సోమవారం పొద్దున పాత ఇనుము వాళ్ల లారీ వస్తుంది.

దాని పాత మెకానిక్‌ని అందరూ వైర్ల తాత అంటారు. లారీ సంగతి తెలిసి ఆయనంతట ఆయనే వచ్చాడు. "కూలి వద్దమ్మా, ఒక్కసారి దాన్ని నడపనిస్తే చాలు. ఒక టేపు ఇంటికి తీసుకుపోతాను" అని ఆఫీసరమ్మను బతిమాలుకున్నాడు. ఏ టేపో చెప్పలేదు. చెబితే నవ్వుతుందేమోనని మొహమాటం.

కొత్తగా పెళ్లయిన రోజుల్లో ఆయన భార్య రోజూ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చేది. ఒకసారి పరీక్షకు రావలసిన మనిషి రాకపోతే, డాక్టరు ఆమెనే మంచం మీద పడుకోబెట్టి, మణికట్లకు పట్టీలు కట్టించి, నాలుగు నిమిషాలు రికార్డు చేశాడు. "ప్రతి ఇరవై దెబ్బలకీ ఒకటి ఎగ్గొడుతోందమ్మా నీ గుండె. భయం లేదు, కాస్త బద్ధకం అంతే" అన్నాడు. టేపు మీద నంబరు రాయాల్సిన చోట తాత సిగ్గుపడుతూ "ఇంటావిడ" అని రాశాడు.

ఆమె పోయి పదకొండేళ్లు. పిల్లల్లేరు. ఆమె గొంతు ఎక్కడా పట్టి ఉంచుకోలేదు, ఆ ఆలోచనే రాలేదు మరి. మిగిలింది ఆ నాలుగు నిమిషాలే. అలమరలోని మిగతా టేపులన్నీ పట్టుకుంటే పొడి రాలుతున్నాయి. అదొక్కటే గట్టిగా ఉంది.

శనివారం సెలవు. మధ్యాహ్నం రెండింటికి తాత మెట్లు దిగాడు. మూడు వారాలుగా కాలిపోయినవి పీకి, తెగినవి అతికి, ఎలాగో దాన్ని దారికి తెచ్చాడు. పెద్ద స్విచ్చి వేయగానే ఫ్యాన్లు మూలుగుతూ లేచాయి. వేడెక్కిన దుమ్ము వాసన గదంతా కమ్ముకుంది. టేపు ఎక్కించి మీట నొక్కాడు.

పచ్చ చుక్క తెర మీద పాకింది. ఎగిరింది. టక్... టక్... టక్...

తాతకు ఏడుపు ఆగలేదు.

"ఇదిగో... నేనే" అన్నాడు మెల్లగా.

చప్పుడు వేగం పెరిగింది. ఆనాడు కూడా ఆమెతో ఏదో వేళాకోళం ఆడాడు కదా, అదే అయ్యుంటుంది అనుకుని స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. కుళాయి కారుతోందని చెప్పాడు. ఒక్కడికోసం వండుకోబుద్ధి కావడం లేదని చెప్పాడు. మంచంలో ఆమె వైపు ఇప్పటికీ పడుకోనని చెప్పాడు. ప్రతి మాటకీ చప్పుడు తడబడుతూ, కుదుటపడుతూ జవాబు చెప్పినట్టే ఉంది.

గడియారం చూసుకుంటే పావుగంట దాటింది.

టేపు నాలుగు నిమిషాలదే.

తాత తలెత్తి చూశాడు. చక్రాలు తిరగడం లేదు.

చప్పుడు టేపు నుంచా, మనిషికి కట్టే పట్టీల తీగల నుంచా అని ఎంచుకునే చిన్న స్విచ్చి ఒకటుంది. అది తీగల వైపే ఉంది. ఈ పొరపాటుకు ఎంతమంది కుర్రాళ్లను చెడామడా తిట్టాడో లెక్కలేదు. ఇవాళ తనే చేశాడు. మరైతే ఈ చప్పుడు... తీగలు గోడ వెంట పోయి, చెక్క అడ్డు వెనకున్న పాత మంచం దగ్గర ఆగుతాయి. తొంగి చూశాడు. పరుపు మీద వేలు మందాన దుమ్ము. దాని మీద రెండు పట్టీలు. మణికట్టు చుట్టూ కట్టినట్టే... బిగించి ఉన్నాయి. లోపల ఏమీ లేదు.

టక్... టక్...

"నువ్వేనా?" అన్నాడు.

టక్టక్టక్టక్.

భయం ఎంత వేసిందో సంతోషం అంతకు రెట్టింపు వేసింది. సోమవారం లారీ వస్తుంది. ఇది పోతుంది. పట్టుకోవాలి, ఇప్పుడే పట్టుకోవాలి. ఇంకో టేపు లేదు. పాతది ఏనాటిదో నాలుగు నిమిషాల ముచ్చట, ఇది మాట్లాడుతోంది కదా! ఇంకేమీ ఆలోచించకుండా రికార్డు మీట నొక్కాడు. చక్రాలు తిరిగాయి. ఆనాటి ఆమె మీద ఇవాళ్టి చప్పుడు ఎక్కింది.

టేపు వెనక్కి తిప్పి, ఈసారి స్విచ్చి సరిగ్గా మార్చి వినిపించుకున్నాడు. కళ్లు మూసుకుని, నవ్వుకుంటూ లెక్కపెట్టాడు. పద్దెనిమిది... పంతొమ్మిది... ఇరవై... ఇరవై ఒకటి...

ఆగలేదు.

మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. నలభై. అరవై. నూరు. ఒక్కటీ ఎగ్గొట్టలేదు.

ఆమె కాదు.

ఆమె ఇక ఎక్కడా లేదు. తన చేత్తోనే చెరిపేశాడు. ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. చాలాసేపటికి లేచి స్విచ్చి తీగల వైపు తిప్పాడు.

"ఎవరు... నువ్వు?"

చప్పుడు నెమ్మదించింది. ఓపిగ్గా, పక్కన కూర్చున్నవాళ్లలా కొట్టుకుంటోంది. తాత చెయ్యి పెద్ద స్విచ్చి మీదికి పోయింది. అక్కడే ఉండిపోయింది. కట్టేస్తే ఇంటికెళ్లాలి. ఇంట్లో ఈ చప్పుడు కూడా ఉండదు.

పైనుంచి వాచ్‌మన్ కేక. "తాతగారూ! ఉన్నారా, వెళ్లిపోయారా? తాళం వేసేస్తున్నా. మళ్లీ సోమవారమే తీసేది!"

స్పీకరు టక్కున ఆగిపోయింది.

తాత నోరు తెరిచాడు. 'ఉన్నాను నాయనా' అంటే చాలు. ఆ ఒక్క మాట కోసం గదంతా చెవులు రిక్కించినట్టుంది... ఆయన అనలేదు. షట్టరు దిగింది. అడుగుల చప్పుడు దూరమైంది.

అప్పుడు తాత తనంతట తానే పెద్ద స్విచ్చి కట్టేశాడు. ఎందుకో ఆయనకే తెలియదు. పచ్చ చుక్క ఆరిపోయింది. ఫ్యాన్లు మూలిగి నిలిచిపోయాయి.

టక్... టక్... టక్...

ఈసారి అది స్పీకరులోంచి రావడం లేదు. చెక్క అడ్డు వెనకున్న మంచం దగ్గర్నుంచీ కాదు. అడ్డుకు ఇవతలి నుంచి, తాత ఉన్న వైపు నుంచి వస్తోంది.